మూత పెట్టొద్దు

జూన్ 27, శుక్రవారం. హూడి.

ఈ డైరీ ఎరువుల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చింది. ఇన్నాళ్ళూ ఇందులో పెళ్ళిళ్ళ తేదీలు తప్ప ఏమీ రాయలేదు. ఇప్పుడు ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు, బ్యాండుమేళానికి పనిలేదు. క్లారినెట్ వెంట తెచ్చుకున్నాను గానీ ఊదే వీల్లేదు. లోపలి గదిలో పసిబిడ్డ. పక్క ఫ్లాట్‌లో ఇంటి నుంచే ఆఫీసు చేసేవాళ్ళు. ఇన్నేళ్ళూ ఏ బాధొచ్చినా గొట్టంలోకి ఊదేసి బతికినవాణ్ణి. ఇక్కడ ఊదలేను కాబట్టి రాస్తున్నాను. ఎవరైనా చదువుతారన్న భయం లేదు. నా చేతిరాత నాకే అంతంతమాత్రం.

పద్మావతమ్మ పొద్దున అడిగింది. మా అమ్మాయి హరిణికి అత్తగారు. బళేపేట ఇల్లు వదిలి కోడలికి సాయంగా వచ్చి ఉంది.

"పురుడు పుట్టింటోళ్ళు చెయ్యాల కదన్నా. వదిన రాకుండా నువ్వొచ్చినావే?"

"వదినకు అంగన్‌వాడీలో సెలవియ్యలేదమ్మా. నాకు ఆషాఢం ఇచ్చింది."

"మగోడు పురుడు చేసేది యాడా చూడలేదప్పా."

"చూస్తావులే. టిక్కెట్టు కూడా లేదు."

ఆమె నవ్వలేదు. ఇది నవ్వించదగ్గ ఇల్లు కాదిప్పుడు. బిడ్డ నెలలు నిండకముందే పుట్టింది. ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంచి మొన్నే ఇంటికి పంపారు. రొమ్ము పట్టే ఓపిక ఇంకా రాలేదు. రెండు గుక్కలకే అలిసి నిద్రపోతుంది. అందుకని హరిణి మిషన్ పెట్టుకుని పాలు తీసి, ఉగ్గుగిన్నెతో పోస్తుంది. బిడ్డకు బలం వచ్చేదాకా ఇదే దారి అన్నారట డాక్టరమ్మ. మిషన్ మధ్యలో మానేస్తే పాలు తగ్గిపోతాయనీ అన్నారట. వచ్చేవే అంతంతమాత్రం.

ఆ మిషన్ సామాను ఎక్కడ పెట్టారో అని చూస్తే బాత్రూము కిటికీలో ఉంది. ఫినాయిలు సీసాకూ అల్లుడి గడ్డం బ్రష్షుకూ మధ్యన. తడితడిగా.

నేనేమీ అనలేదు. మొదటి రోజు కదా.

జూన్ 28, శనివారం.

అన్నాను.

"బాత్రూములో ఎందుకు పెట్టినారమ్మా ఆ సామాను?"

"ఒంటికి పెట్టుకునేవి కదన్నా. వంటింట్లో దేవుడి గూడు ఉండాది. ఎంగిలి సామాను ఆడ ఎట్ల పెట్టేది?"

"ఎవరి ఎంగిలమ్మా? బిడ్డ దానికి నోరే పెట్టలేదే."

"నీకు తెలీదులే. ఇవి మగోళ్ళు ముట్టుకునేవి కాదు."

"నేను ముట్టుకునేవాటి సంగతి నీకు తెలీదా? పొద్దస్తమానం నోట్లో పెట్టుకుని తడిపిందాన్ని తుడుచుకుని బతికినోణ్ణి. తడి సామాను ఎట్ల కంపు కొడతాదో నన్నడుగు."

ఇంకొక మాట నోటిదాకా వచ్చింది. ఆమె మొగుడు వెంకటేశప్ప బావ బళేపేటలో వాయిద్యాల అంగడి పెట్టుకున్నవాడే. నేను క్లారినెట్ రీడ్లు కొనడానికి పోయి పోయి, చివరికి ఆ అంగట్లోనే సంబంధం కలుపుకున్నాను. మేము ఎంగిలి చేసే గొట్టాలతోనే మీ ఇంట్లో పొయ్యి వెలిగింది కదమ్మా అనబోయాను. అనలేదు. అన్నీ ఒక్కరోజే అనేస్తే రేపటికి ఏముంటుంది?

చివరికి వంటిల్లూ కాదు, బాత్రూమూ కాదు. హాల్లో కిటికీ కింద చిన్న బల్ల. బల్ల నాది. కడగడం నాది. నేను అడగలేదు, చెప్పాను.

జూలై 1, మంగళవారం.

హరిణి దగ్గర శిష్యరికం. ముందు చేతులు కడుక్కోవాలి. సామాను విడదీయాలి. సింకులో పడేయకూడదు, దీనికని వేరే బేసిను, వేరే బ్రష్షు. సబ్బునీళ్ళు, మంచినీళ్ళు, ఆ తర్వాత ఆరబెట్టడం. రోజుకోసారి మరిగే నీళ్ళలో వేయాలి. బిడ్డ మామూలు బిడ్డయితే ఇంత అక్కర్లేదట. ఈ బిడ్డకు కావాలి.

సామాను చూస్తే నాకు భయం పోయింది. గరాటు అచ్చం క్లారినెట్ కింది మూతిలా ఉంది. దానికింద రబ్బరు నాలుక ఒకటి, మా రీడు లాగా. చిటికెడు చిరిగినా మిషన్ గుంజదట. రీడు చిరిగితే మాకూ అంతే, రాగం పోయి పిల్లి ఏడుపు వస్తుంది.

అలవాటు కొద్దీ భుజం మీది తువ్వాలుతో గరాటు లోపల తుడవబోయాను.

"నాయనా! గుడ్డ పెట్టొద్దు. దాంట్లో ఉండే మురికంతా దీనికి అంటుకుంటాది."

"వాయిద్యాన్ని తుడవకుండా పెట్టడం మా వంశంలో లేదమ్మే."

"ఇది వాయిద్యం కాదు నాయనా."

ఆ మాట ఆమెకు ఎవరు చెప్పారు? మిషన్ పెట్టినప్పుడు వినాలి. ఆదితాళంలో గుంజుతుంది.

సన్నటి ట్యూబులో నీటిచుక్కలు కనబడ్డాయి. బాల్కనీలోకి పోయి తాడు తిప్పినట్టు గిరగిరా తిప్పాను. కింద ఫ్లాటు ఆవిడ తల పైకెత్తి వాన వచ్చిందా అని కన్నడంలో అడిగింది. "స్వల్ప" అన్నాను. నాకొచ్చిన కన్నడం అంతే. తర్వాత హరిణి చెప్పింది, అంత విన్యాసం అక్కర్లేదట. ట్యూబు తగిలించి మిషన్‌ను కాసేపు ఊరికే నడిపితే ఆ గాలికే ఆరిపోతుందట. ముందే చెప్పొచ్చు కదా.

అల్లుడు రాఘవేంద్ర ల్యాప్‌టాప్ ముందు నుంచి లేచి, నేను గరాటు కడుగుతుండడం చూసి, గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. మంచి పిల్లవాడు. బెళ్ళందూరు ఆఫీసులో వాడి కింద చాలామందే పనిచేస్తారట. కడిగే నాకు సిగ్గు లేదు, చూసే వాడికి ఉంది.

జూలై 4, శుక్రవారం.

మా ఆవిడ అనసూయ ఫోను చేసింది. బిడ్డ ఎట్లుంది, పాలు ఎన్ని పడుతున్నాయి, హరిణి తింటోందా, అన్నీ అయ్యాక అసలు సంగతికొచ్చింది.

"ఆ సామాను యాడ ఆరబెడతాండావు?"

"హాల్లో. కిటికీ కింద."

"హాల్లోనా! వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు అందరి కండ్లూ పడవా? ఉండే పాలు కూడా ఎగిరిపోతాయి. మూత పెట్టయ్యా."

"పొద్దునంతా ఊళ్ళో తల్లులను కూర్చోబెట్టుకుని పాఠాలు చెప్తావు. ఫోను పట్టుకుంటే దిష్టి అంటావు."

"పాఠం ఊరికి. దిష్టి మన బిడ్డకు."

ఇట్లాంటి మనిషితో వాదించి గెలిచినవాడు లేడు. నేనైతే దిష్టి నమ్మను. పెళ్ళికొడుక్కి గుమ్మడికాయ తిప్పేటప్పుడు వాయిస్తాను, అంతే. కాయ పగలగొట్టాక ఏమవుతుందో చూసే తీరిక మేళంవాళ్ళకు ఉండదు.

సాయంత్రం మారతహళ్ళి దాకా పోయి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా తెచ్చాను. దిష్టికి కాదు. దుమ్ముకి. ఈ రోడ్ల దుమ్ము అందరికీ తెలిసిందే.

"డబ్బా ఎందుకన్నా?" అంది పద్మావతమ్మ.

"దుమ్ముకమ్మా."

"ఊ. మాకూ దుమ్మంటే శానా భయం" అంది. ఆమె అలా ఎందుకు చూసిందో తెలియదు.

జూలై 5.

వాన.

జూలై 6.

వాన. డబ్బా బాగుంది. దుమ్ము పడటం లేదు.

జూలై 9, బుధవారం.

బళేపేట నుంచి ఎవరో చుట్టాలావిడ వచ్చింది. నేనప్పుడే కడగడం ముగించాను. నీళ్ళు కారుతున్నాయి. ఆమె బల్ల దగ్గరకొచ్చి వంగి చూసింది.

"ఇదేందప్పా, ఆవులకు పెడతారే అట్లాంటిదా?"

"ఆవులది ఇంకా పెద్దది. కావాలంటే తెప్పిస్తాను."

"శానా వస్తాయా పాలు?"

నేను సామాను మొత్తం డబ్బాలో వేసి మూత నొక్కేశాను. టప్ మని చప్పుడైంది. ఆమె ఉలిక్కిపడింది.

"దుమ్ము" అన్నాను.

ఆమె పోయేదాకా మూత తీయలేదు. పోయాక కూడా తీయడం మర్చిపోయాను. మర్చిపోవడమే.

జూలై 11.

పద్మావతమ్మ బిడ్డకు నీళ్ళు పోయడం చూశాను. కాళ్ళు చాపుకుని, పాదాల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, ఒక్క చుక్క ముక్కులోకి పోనీకుండా. గుప్పెడంత ప్రాణం ఆమె చేతిలో ఏడవడం మరిచిపోతుంది. ఆ చేతులు చూశాక ఆమె మీద కోపం నిలుపుకోవడం కష్టం. నిలుపుకుంటున్నాను ఎట్లాగో.

జూలై 13, ఆదివారం.

బిడ్డ ఉగ్గుగిన్నె పెదవికి తగిలితేనే ఏడుస్తోంది. నాలుక మీద తెల్లటి పూత. తుడిస్తే పోవడం లేదు. పోసిన పాలు సగం చెంప మీదికే. రేపు డాక్టరమ్మ దగ్గరికి పోవాలి. హరిణి తినలేదు.

జూలై 14, సోమవారం.

డాక్టరమ్మ బిడ్డ నోరు చూసింది. మందు రాసింది. తల్లికీ రాసింది. సామాను తెచ్చారా అని అడిగితే హరిణి డబ్బా బల్ల మీద పెట్టింది. మూత తీస్తే లోపలంతా ఆవిరి పట్టి ఉంది, అప్పుడే ఇడ్లీ దించినట్టు. ట్యూబు వెలుతురుకి పెట్టి చూసింది. చివర్న నల్లటి చుక్కలు.

"ఎప్పుడూ ఇలా మూత పెట్టే ఉంచుతారా?"

నేను ఫ్యాను చూశాను. మంచి ఫ్యాను.

"దీనివల్లే పూత వచ్చిందని నేను చెప్పలేను. పసిపిల్లలకు మామూలుగానే వస్తుంది. తగ్గిపోతుంది కూడా. కానీ తడివి మూసిపెట్టకూడదు. ఈ ట్యూబు పారేయండి, కొత్తది తెచ్చుకోండి. కడిగినవి గాలికి ఆరనివ్వండి. పూర్తిగా ఆరాకే లోపల పెట్టుకోవాలి."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పద్మావతమ్మ మొదలుపెట్టింది.

"బాత్రూములో ఉన్నప్పుడు ఏమన్నా అయిందా? నేను అప్పుడే చెప్తిని. మిషన్ పాలు మిషన్ పాలే. డబ్బాపాలు పట్టిస్తే బిడ్డ తేరుకుంటాది, తల్లి కూడా నిద్రపోతాది. ఎవరికోసరం ఈ అగసాట్లు?"

హరిణి బయటికి చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చి మిషన్‌ను దాని సంచిలో పెట్టి జిప్పు లాగేసింది.

ఆ జిప్పు చప్పుడు నాకు నచ్చలేదు.

దుమ్ము కోసం అని రాశాను. ఎన్నిచోట్ల రాశానో వెనక్కి తిప్పి చూడను. ఇన్ని వానల్లో దుమ్మెక్కడిది?

జూలై 15, మంగళవారం.

పొద్దున్నే హరిణి కాఫీ తెచ్చి నా పక్కన కూర్చుంది. సంచి మూల్లోనే ఉంది.

"నేను ఆపేస్తా నాయనా."

"ఆపు."

వద్దంటానని అనుకున్నట్టుంది. తల తిప్పి చూసింది.

"నీ ఒళ్ళు, నీ పాలు. అలిసిపోయి ఆపు. నిద్ర చాలక ఆపు. ఆ మిషన్ మొహం చూడబుద్ధి గాక ఆపు. నేను పెట్టిన మూత వల్ల మాత్రం ఆపొద్దు."

"నువ్వు దిష్టి నమ్మవు కదా?"

"నమ్మను."

"మరి?"

"మీ అమ్మను నమ్మినా."

నవ్వింది. నేనొచ్చాక అదే మొదటిసారి. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. కాఫీ చల్లారిపోయింది.

"డబ్బాపాలు పట్టిస్తే తప్పా నాయనా?"

"తప్పేముంది? మీ అమ్మకు జ్వరమొచ్చి పడుంటే నీకు ఆవుపాలు పట్టినాము. నువ్వేం చచ్చిపోలేదే. ఇంజనీరైనావు. అంతకంటే ఏమన్నా అయ్యుంటే ఆవును అడగాల."

"నాకు ఇయ్యాలనే ఉంది. బిడ్డ ఆ గాజుపెట్టెలో ఉన్నప్పుడు నేను ఇయ్యగలిగింది ఇదొక్కటే. ఎత్తుకోనీలేదు, ముట్టుకోనీలేదు. పాలు మాత్రం తీసి పంపిస్తాంటి. ఇప్పుడు ఈ మనుషులతోనే పడలేకపోతాండా. ఎవరొచ్చినా మిషన్ వంక చూస్తారు, తర్వాత నా వంక చూస్తారు."

"మనుషుల సంగతి నాకు వదిలెయ్. ఊరేగింపులో ముందు నడిచేది మేళమే. వెనకాల పెళ్ళికూతురు తల దించుకుని నడిచినా ఫర్వాలేదు."

ఆమె లేచిపోయి సంచి జిప్పు తీసింది.

అల్లుడు ఆఫీసుకు పోతూ పోతూ కొత్త ట్యూబు కొనుక్కొచ్చి, గుమ్మం దగ్గర పేపరు వేసినట్టు వేసి పోయాడు. దాన్ని చేతికియ్యడానికి కూడా సిగ్గే. తెచ్చాడు, చాలు.

స్టీలు డబ్బాలో మురుకులు పోశాను. వాటికి మూత ఉండాలి.

జూలై 17, గురువారం.

ఆరబెట్టడానికి తువ్వాలు పరిచి చూశాను. ఈ వానలకు తువ్వాలే ఆరడం లేదు, అది ఇంకొకదాన్ని ఏం ఆరబెడుతుంది? అప్పుడు వంటింట్లో గ్లాసులు బోర్లా తగిలించే స్టీలు స్టాండు కంట్లో పడింది. ఊచకొక గ్లాసు. కింద ఏదీ తగలదు, చుట్టూ గాలి. పోయి అట్లాంటిదే కొత్తది కొనుక్కొచ్చాను. కడిగి, మరిగే నీళ్ళు పోసి, గరాటులు బోర్లా తగిలించాను. సీసాలు తగిలించాను. ఉగ్గుగిన్నెకూ ఒక ఊచ. రబ్బరు నాలుకలకు మాత్రం అడుగున చిన్న చిల్లుల పళ్ళెం. ఎదురుగా ఫ్యాను.

పద్మావతమ్మ వచ్చి నిలబడింది.

"గ్లాసుల స్టాండా! రామ రామ. రేపు నేను దాని మీది గ్లాసులో కాఫీ ఎట్ల తాగేదన్నా?"

"మీ కాఫీది వంటింట్లోనే ఉండాదమ్మా. ఇది వేరే. దీనికి దానికి చుట్టరికం కూడా లేదు."

"మూత?"

"లేదు."

"గుడ్డన్నా?"

"లేదమ్మా. మూత పెట్టిన మొనగాణ్ణి నేనే. తీసేసే మొనగాణ్ణీ నేనే."

దూరం నుంచి చూస్తే చిన్న మేళం నిలబడినట్టుంది. గొట్టాలన్నీ కిందికి వంచుకుని, భోజనాల పిలుపు కోసం చూస్తున్నట్టు.

జూలై 18.

ఆరాయి. పూర్తిగా. వేలు పెట్టి చూడాలనిపించింది, పెట్టలేదు.

జూలై 20, ఆదివారం.

బిడ్డ నోట్లో పూత తగ్గుతోంది. ఉగ్గుగిన్నె వస్తే నోరు తెరుస్తోంది.

మా మేళం పెద్ద అశ్వత్థప్ప ఫోను చేశాడు. శ్రావణంలో మొదటి ముహూర్తాలే. డీజే పెట్టుకుంటామన్న వాళ్ళింట్లో ముసలాయన క్లారినెట్ లేకపోతే పందిట్లో కాలు పెట్టనన్నాడట. ఆయన పుణ్యాన పిలిచారు.

"రామాంజినప్పా, నువ్వు లేకుంటే డోళ్ళు కొట్టుకుంటా కూర్చోవాల. వస్తావా రావా?"

వస్తానన్నాను. నోటితో అన్నాను. చేతుల సంగతి ఏమిటి? నేను పోతే ఈ సామాను ఎవరు కడుగుతారు? హరిణి పాలు తీయాలి, పోయాలి, ఆ మధ్యన ఎప్పుడో నిద్రపోవాలి. పద్మావతమ్మ దీన్ని ముట్టుకోదు. కడగడం కూడా తనమీదే పడితే హరిణి ఆ జిప్పు మళ్ళీ లాగేస్తుంది. ఈసారి తెరవదు.

ఇక మిగిలింది ఒక్కడే. గదిలో తలుపు వేసుకుని ఉన్నాడు.

జూలై 22, మంగళవారం.

తలుపు కొట్టాను.

"రాఘవా, నేను పోయినాక సామాను నువ్వు కడగాల."

"కడుగుతా మామా. అమ్మ ఊరికి పోయినాక."

"మీ అమ్మ ఊరు బళేపేట నాయనా. బస్సెక్కితే దిగిపోతాది. అదొక ఊరా?"

"అమ్మ ముందర... ఎట్ల మామా? ఆమె ఏమన్నా అంటాదని కాదు. ఏమీ అనదు. ఊరికే చూస్తాది."

"నన్నూ చూసింది. నేను బాగానే ఉన్నా చూడు."

వాడు గోళ్ళు చూసుకున్నాడు. "పోనీ, బాత్రూములో కడిగి, ఆ కిటికీలోనే పెట్టేస్తా. ఎవరికీ కనపడదు."

తిరిగి తిరిగి ఫినాయిలు సీసా పక్కకే. నాకు కోపమొచ్చింది. కోపమొస్తే నేను నవ్వుతాను, అదొక జబ్బు. నవ్వాను. వాడూ నవ్వాడు. పని అయిపోయిందనుకున్నాడు పాపం.

జూలై 27, ఆదివారం.

ఇవాళ బిడ్డకు ఉయ్యాల వేసి పేరు పెట్టారు. ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున చుట్టాలు రాకముందే పద్మావతమ్మ వచ్చింది. ఆజ్ఞ కాదు, బతిమాలడమే.

"అన్నా, ఈ ఒక్క పూట ఆ స్టాండు లోపల పెట్టప్పా. మావాళ్ళంతా వస్తారు. అందరి కండ్లూ దానిమీదనే పడతాయి. బిడ్డకు మంచిది కాదు."

"ఈ ఒక్క పూట బిడ్డ పాలు మానేస్తాదా అమ్మా?"

ఆమె కళ్ళలో నిజంగానే భయం ఉంది. అప్పటిదాకా నేను దాన్ని చాదస్తం అనుకున్నాను. అనసూయ గొంతులో వినబడిందే ఇక్కడ మొహంలో కనబడింది. నాకు జాలేసింది. అయినా స్టాండు కదపలేదు.

వెంకటేశప్ప బావ వస్తూనే అన్నాడు. "బావా, నువ్వుండి సెల్లులో లాలి పాట పెడితే మా అంగడి పరువేమయితాది? తియ్యి క్లారినెట్టు."

తీశాను. పసిబిడ్డ చెవి కదా, హాలు చివర బాల్కనీ గుమ్మంలో నిలబడి, గొట్టంలో దూది కుక్కినంత మెత్తగా ఎత్తుకున్నాను. బిడ్డను ఉయ్యాల్లో వేశారు. మేనత్త వరస వాళ్ళు చెవిలో పేరు చెప్పారు. అక్షర. మా పద్ధతిలో ఉయ్యాల ముందు వాయిద్యం ఎత్తుకుంటే మధ్యలో దించకూడదు. ఆపడం వాయించేవాడి ఇష్టం. పాట ముగిసిందని వాడే చెప్పాలి.

హారతి ఇస్తుండగా హరిణి గదిలోంచి వచ్చింది. పాలు తీసే వేళయిందని అంతకుముందే లోపలికి పోయింది. ఒక చేతిలో ఉగ్గుగిన్నె, ఇంకో చేతిలో సామాను వేసిన బేసిను. నాకోసం చూసింది. నా రెండు చేతులూ క్లారినెట్ మీద, నోరు దాంట్లో. కనుబొమలు ఎత్తి అల్లుడి వైపు చూపించాను.

వాడు వాళ్ళమ్మ వైపు చూశాడు.

హారతి అయిపోయింది. పద్మావతమ్మ చెయ్యి ఊపుతూ "సాకన్నా, సాకు" అంది, చాలు ఆపమని. నేను ఆపితే ఏమవుతుందో నాకు తెలుసు. వాడు బేసిను తెచ్చి నా చేతికిస్తాడు. నేను కడుగుతాను. రేపు బస్సెక్కుతాను. బేసిను బాత్రూముకు పోతుంది.

కళ్ళు మూసుకుని ఇంకో లాలి ఎత్తుకున్నాను.

జనం ఊరుకున్నారు. తాతకు మనవరాలి మీద ప్రేమ పొంగిందనుకున్నారేమో. అదయ్యాక ఇంకోటి. నా కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఊపిరి చాలక. ఎవరో ముక్కు చీదారు కూడా. పెళ్ళి ఊరేగింపు మలుపులో కారు ఇరుక్కుపోతే ఎంతసేపైనా వాయించే మనిషిని నేను. అల్లుడు ఎంతసేపు ఇరుక్కుంటాడో చూద్దామనుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి హరిణి చేతిలో ఉగ్గుగిన్నె మాత్రమే ఉంది. ఒళ్ళో బిడ్డ. వంటింటి గుమ్మంలోంచి అల్లుడి వీపు కనబడింది. పట్టు పంచె ఎగ్గట్టి, దేవుడి గూడు పక్కనే నిలబడి, బ్రష్షుతో గరాటు తోముతున్నాడు. సగం నీళ్ళు పంచె మీదే. నేను స్వరం కొంచెం హుషారు చేశాను. తోమడం కూడా హుషారైంది.

బేసిను పట్టుకుని హాలు మధ్యలోంచి నడిచి వచ్చాడు. చుట్టాలు దారి ఇచ్చారు. ఒక్కొక్క గరాటు బోర్లా తగిలించాడు. వాళ్ళ వంశానికంతా పెద్ద ముసలావిడ, అందరూ పెద్దక్క అంటారు, స్టాండు పక్కనే కుర్చీలో ఉంది.

"ఏమిరా రాఘవా అవి?"

"అక్షరవి పెద్దక్కా. పాలు తీసే సామాను."

"అట్ల బట్టబయలు పెడతారారా? ఒక గుడ్డన్నా కప్పు."

వాడు వాళ్ళమ్మ వైపు చూడలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"కప్పకూడదు పెద్దక్కా. ఆరాల."

అప్పుడు క్లారినెట్ దించాను. దవడలు నావి కానట్టున్నాయి.

పద్మావతమ్మ లేచింది. స్టాండు వైపే వస్తోంది. మూత తెస్తుందో, స్టాండే ఎత్తుకుపోతుందో అని నేను అడ్డం నిలబడటానికి ఒక అడుగు వేశాను. ఆమె ఉయ్యాల దగ్గర ఆగింది. కాటుక డబ్బీ తీసి వేలితో అద్ది, హరిణి ఒళ్ళోని బిడ్డ చెంపకు చుక్క పెట్టింది. మళ్ళీ అద్దింది. వంగి, స్టాండు కాలికి, సామానుకు తగలకుండా అడుగున, ఇంకో చుక్క పెట్టింది.

లేస్తూ నా వైపు చూసింది.

"దుమ్ముకన్నా" అంది. "దుమ్ముకు."

జూలై 28, సోమవారం.

పొద్దున నేను సంచి సర్దుకుంటుంటే వంటింట్లోంచి మాటలు.

"అట్ల కాదురా, నాలుక మెల్లగా పట్టుకో, చిరుగుతాది."

"నీకెట్ల తెలుసమ్మా?"

"మీ మామ నా ముందర ఇన్నాళ్ళు కడుగుతాంటే నాకు కండ్లు లేవా?"

ఆమె మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకోకుండా నేర్పిస్తోంది. నేను టాటా చెప్పి వచ్చేశాను. ఎక్కువసేపు నిలబడితే పాడు చేస్తాను.

ఆగస్టు 8, శుక్రవారం. కదిరి, మా ఊరు.

ముహూర్తం పొద్దునే అయింది. ముసలాయన పందిట్లో కాలు పెట్టాడు, ముందు వరసలో కూర్చుని నిద్రపోయాడు కూడా.

అల్లుడు ఫోటో పంపాడు. స్టాండు, గరాటులు, ఎదురుగా ఫ్యాను. పక్కన పద్మావతమ్మ కాఫీ గ్లాసు, అదే బల్ల మీద. స్టాండు కాలికి కాటుక చుక్క తాజాగా ఉంది, రోజూ పెడుతున్నట్టుంది. ఒక సీసా మాత్రం బోర్లా కాకుండా నిటారుగా నిలబెట్టాడు. ఫోను చేసి తిట్టాను. అల్లుణ్ణి తిట్టడానికి ఇంతకంటే గౌరవమైన కారణం నాకు ఈ జన్మలో దొరకదు. ఆ తర్వాత హరిణి తీసుకుంది. నిన్న అక్షర మిషన్ లేకుండా కాసేపు పాలు తాగిందట. మధ్యలో నిద్రపోయిందట. మిషన్ ఇంకా కావాలి. ఉంటుంది.

క్లారినెట్ విప్పి, లోపల గుడ్డ లాగి తుడిచాను. దీనికి గుడ్డ ఫర్వాలేదు, ఎవరూ పాలు తాగరు. పెట్టెలో పెట్టి మూత తెరిచే ఉంచాను.

అనసూయ అటుగా పోతూ చూసింది. "మూత వెయ్యవా? దుమ్ము పడతాది."

నిజంగా దుమ్మే అయ్యుండొచ్చు.

"ఆరాల" అన్నాను.